‘అయితే’కీ ‘అయితేనే’కీ ఉన్న దూరం

డిస్క్రీట్ మ్యాథ్స్, పుస్తకాల భాషలో వివిక్త గణితం (పూర్ణసంఖ్యలు, సమితులు, గ్రాఫ్‌ల వంటి విడివిడి వస్తువుల గణితం), కొత్తగా చదువుతున్నవాళ్ళ ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సందేహం పలువురు అడిగిన చోట కలిపి రాశాం. చాలా సందేహాలు గుర్తుల దాకా రాకుండా వాక్యం దగ్గరే మొదలవుతున్నాయి, కాబట్టి ముందు వాక్యాన్నే పట్టుకుందాం.

ప్రశ్న: పి, క్యూ రెండు వాక్యాలనుకుందాం. వాటి నిజం, అబద్ధాల పట్టికైన ట్రూత్ టేబుల్లో పి అబద్ధమైతే చాలు, ‘పి అయితే క్యూ’ నిజమని రాస్తారు. క్యూ ఏదైనా సరే నిజమేనట. బట్టీపట్టి రాస్తున్నాను గానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఇది ఎవరో పెట్టిన నియమమా, దీని వెనక కారణం ఉందా?

జవాబు: కారణం ఉంది. ‘ఎన్ 4కి గుణిజమైతే ఎన్ సరిసంఖ్య’ అనే వాక్యం తీసుకోండి. ఇందులో 4కి గుణిజం కావడం పి, సరిసంఖ్య కావడం క్యూ. ఇది ఏ పూర్ణసంఖ్యకైనా నిజమని మీరూ ఒప్పుకుంటారు. ఏ సంఖ్యకైనా అన్నాం కాబట్టి తోచిన సంఖ్య పెట్టి చూడొచ్చు. 8 పెడితే పి నిజం, క్యూ నిజం. 6 పెడితే పి అబద్ధం, క్యూ నిజం. 7 పెడితే రెండూ అబద్ధం. ఈ మూడు చోట్లా మొత్తం వాక్యం నిజంగానే నిలవాలి. 6 దగ్గరో 7 దగ్గరో అది అబద్ధమైపోతే ‘ఏ సంఖ్యకైనా’ అన్న మాట చెల్లదు. టేబుల్లో ఆ మూడు వరుసలకీ ‘నిజం’ వచ్చింది ఇలాగే. ఇక మిగిలింది ఒక్క వరుస, పి నిజమై క్యూ అబద్ధమయ్యేది. అంటే 4కి గుణిజమై ఉండి కూడా బేసి అయిన సంఖ్య అన్నమాట. అలాంటిది ఒక్కటి దొరికినా వాక్యం కూలిపోతుంది, అందుకే అక్కడ ‘అబద్ధం’.

మనసు మొరాయించడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. మామూలు మాటల్లో ‘అయితే’ అనగానే ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందన్న ధ్వని వస్తుంది. లాజిక్‌లో ఆ ధ్వని లేదు. పి నిజమై క్యూ అబద్ధం కావడమన్నది జరగదు అని చెప్పడంతోనే దాని పని అయిపోతుంది. రెండో కారణం ప్రోగ్రామింగ్. కోడ్‌లో రాసే ‘ఇఫ్’ ఒక ఆజ్ఞ. షరతు తప్పితే కంప్యూటర్ ఆ పని వదిలేసి ముందుకు పోతుంది. ఆజ్ఞను పాటించడం, పాటించకపోవడం ఉంటాయి తప్ప అది నిజమా అబద్ధమా అన్న ప్రశ్నే రాదు. కోడింగ్ ముందు నేర్చుకుని లాజిక్‌కి వచ్చినవాళ్ళు ఈ రెండిటినీ ఒకే గాటన కడుతుంటారు.

ప్రశ్న: ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’, ‘నెసెసరీ’, ‘సఫిషియెంట్’, ఈ నాలుగూ పరీక్షలో కలగాపులగమవుతున్నాయి. గుర్తుపెట్టుకునే దారి చెప్పండి.

జవాబు: తెలుగులో ఆలోచించండి. మన భాషలో ఒక్క ‘నే’ ఈ పనంతా చేస్తుంది.

‘సంఖ్య 4కి గుణిజమైతే అది సరి.’ ‘సంఖ్య సరి అయితేనే అది 4కి గుణిజం.’ రెండు వాక్యాలూ మెల్లగా చదవండి. చెప్పేది ఒకే సంగతి. ‘పి అయితే క్యూ’ అన్నప్పుడు బాణం పి నుంచి క్యూకి వెళుతుంది. ‘పి అయితేనే క్యూ’ అన్నప్పుడు క్యూ నుంచి పికి వెళుతుంది. ‘నే’ తగలగానే బాణం తిరగబడిందని గుర్తు. ‘ఓన్లీ ఇఫ్’ అంటే ఈ ‘నే’.

మిగతా రెండిటికీ ‘చాలు’, ‘తీరాలి’ అన్న మాటలు పెట్టుకోండి. సరిసంఖ్య కావడానికి 4కి గుణిజమైతే చాలు, కాబట్టి అది పర్యాప్తం, అంటే సఫిషియెంట్. 4కి గుణిజం కావాలంటే సరిసంఖ్య అయి తీరాలి, కాబట్టి ఇది ఆవశ్యకం, అంటే నెసెసరీ. సరి అయినంత మాత్రాన 4కి గుణిజం కానక్కర్లేదు, 6 చూడండి. ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ అని ఉంటే చాలడమూ, తీరడమూ రెండూ ఉన్నాయని అర్థం. అప్పుడు నిరూపణ కూడా రెండు భాగాలుగా రాయాలి. ఒక దిశ రాసి వదిలేస్తే సగమే రాసినట్టు.

ఇందులోనే ఇంకొక చిక్కు. ‘పి అయితే క్యూ’కి విపర్యయం ‘క్యూ అయితే పి’. ఇది విడిగా నిరూపించాల్సిన వేరే వాక్యం. ప్రతివర్తితం ‘క్యూ కాకపోతే పి కాదు’. ఇది మొదటి వాక్యంతో ఎప్పుడూ సమానం. ‘ఎన్ వర్గం సరి అయితే ఎన్ సరి’ అని నేరుగా నిరూపించబోతే వర్గమూలం దగ్గర ఇరుక్కుంటారు. ప్రతివర్తితం పట్టుకుంటే రెండు వరుసల్లో తేలిపోతుంది. ఎన్ బేసి అయితే ఎన్ = 2కె + 1. దాని వర్గం 4కె² + 4కె + 1, అంటే 2(2కె² + 2కె) + 1, అదీ బేసే.

ప్రశ్న: ‘అందరూ పాసయ్యారు’ అన్నదానికి నెగేషన్ (దాన్ని కాదనే వాక్యం) ‘అందరూ పాసవలేదు’ అని రాస్తే తప్పన్నారు. ఎందుకు?

జవాబు: ఆ తెలుగు వాక్యానికి రెండర్థాలున్నాయి. ‘అందరూ పాసవలేదు’ అంటే కొందరే పాసయ్యారని ఒకరు, ఎవ్వరూ పాసవలేదని ఇంకొకరు అనుకోవచ్చు. ‘ఒక్కరైనా పాసవలేదు’ అని సరిదిద్దుకోబోతే ఇంకా దూరం పోతుంది, దానికి ‘ఎవరూ పాసవలేదు’ అన్న అర్థం ఒక్కటే. కావలసిన నెగేషన్ ఇదీ: ‘పాసవనివాళ్ళు కనీసం ఒకరున్నారు.’ కాదు అన్న మాటను వాక్యం చివర వేలాడదీయకుండా లోపలికి తోసి, ‘ప్రతి’ ఉన్న చోట ‘కనీసం ఒకటి ఉంది’, ‘కనీసం ఒకటి ఉంది’ అన్న చోట ‘ప్రతి’ పెట్టుకుంటూ వెళ్ళాలి. చిట్టచివర అసలు షరతును కాదనాలి.

రెండు క్వాంటిఫయర్లు (‘ప్రతి’, ‘ఒకటి ఉంది’ లాంటి మాటలు) ఉన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. ‘ప్రతి ఎక్స్‌కీ దానికంటే పెద్దదైన వై ఒకటి ఉంది.’ సహజ సంఖ్యల్లో ఇది నిజం, ఎక్స్ + 1 తీసుకుంటే సరి. దీని నెగేషన్: ‘ఒక ఎక్స్ ఉంది, ప్రతి వై దానికి సమానమో, దానికంటే తక్కువో.’ చూశారా, ‘పెద్దది’ కాస్తా ‘సమానం లేదా తక్కువ’ అయింది. ‘చిన్నది’ అని మాత్రమే రాసి సమానాన్ని మరిచిపోవడం ఇక్కడ తరచుగా జరిగే తప్పు.

ఇక క్రమం మార్చి, ‘ఒక వై ఉంది, అది ప్రతి ఎక్స్ కంటే పెద్దది’ అంటే అది అబద్ధం. మాటలు అవే, వరుసే మారింది. దీన్ని ఇద్దరాడే ఆటలా చూడండి. మొదటి వాక్యంలో అవతలివారు ఎక్స్ చెప్పాక, దాన్ని చూసి మీరు వై ఎంచుకుంటారు. రెండోదానిలో మీరే ముందు వై బయటపెట్టాలి, ఆ తర్వాత అవతలివారు ఎక్స్ చెబుతారు. ముందు బయటపెట్టినవారు ఓడిపోతారు. ఏ సమితి గురించి మాట్లాడుతున్నామో కూడా చూసుకోండి. 1 నుంచి 10 వరకు ఉన్న సంఖ్యలే మన లోకమైతే మొదటి వాక్యం కూడా అబద్ధమే, 10 కంటే పెద్దది అక్కడ లేదు.

ప్రశ్న: శూన్య సమితి, శూన్య సమితిని మూలకంగా కలిగిన సమితి ఒకటి కావా? రెండిటిలోనూ ఏమీ లేదు కదా?

జవాబు: కావు. ఖాళీ పెట్టెనూ, లోపల ఖాళీ పెట్టె ఉన్న పెట్టెనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండో పెట్టెలో ఒక వస్తువు ఉంది. ఒక సమితి ఉపసమితులన్నిటి సమితిని దాని ఘాత సమితి అంటారు. శూన్య సమితి ఘాత సమితిలో ఒక మూలకం ఉంటుంది, శూన్య సమితిని మూలకంగా కలిగిన సమితి ఘాత సమితిలో రెండుంటాయి. 2 పవర్ 0 అంటే 1, 2 పవర్ 1 అంటే 2, లెక్క సరిపోయింది.

ప్రశ్న: ఇండక్షన్‌లో ‘ఎన్ = కె దగ్గర నిజమనుకుందాం’ అంటారు. నిరూపించాల్సిందాన్నే ముందుగా నిజమనుకుంటే ఇక నిరూపించేదేముంది?

జవాబు: ఇండక్షన్, అంటే గణితానుగమనం, చదివేవాళ్ళలో ఈ ప్రశ్న రానివాళ్ళు బహుశా మనసు పెట్టి చదవనట్టే. జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది. ఈ పద్ధతిలో మొదటి విలువ దగ్గర వాక్యం నిజమని చూపి, కె నుంచి కె + 1కి వెళ్ళే మెట్టు కడతాం. ఆ మెట్టులో మనం నిరూపించేది ‘కె దగ్గర నిజమైతే కె + 1 దగ్గర నిజం’ అన్న షరతు వాక్యాన్ని మాత్రమే. కె దగ్గర అది నిజంగా నిజమేనని ఎక్కడా చెప్పడం లేదు. షరతు వాక్యం నిజం కావడానికి దాని మొదటి భాగం నిజం కానక్కర్లేదు కదా.

దీన్ని దగ్గరగా చూపించే ఉదాహరణ ఒకటుంది. ‘ఎన్ = ఎన్ + 1’ అనే పచ్చి అబద్ధాన్ని తీసుకోండి. కె = కె + 1 అనుకుందాం. రెండు వైపులా 1 కలిపితే కె + 1 = కె + 2. అంటే కె నుంచి కె + 1కి వెళ్ళే మెట్టు ఏ దోషమూ లేకుండా నిలబడింది! అయినా మొత్తం వాక్యం అబద్ధం, ఎందుకంటే మొదటి విలువ దగ్గర 1 = 2 కావాలి, అది కాదు. మెట్టు ఎంత గట్టిగా ఉన్నా, ఎక్కడానికి నేల ఉండాలి. బేస్ కేస్, అంటే మొదటి విలువ దగ్గర సరిచూడటం, రాయమని అంతగా చెప్పడం ఇందుకే.

బేస్ కేస్ బాగానే ఉండి మెట్టు ఒక్కచోట విరిగే సందర్భం ఇంకా ప్రమాదం. ‘ఏ ఎన్ పుస్తకాలు తీసుకున్నా వాటి అట్టలన్నీ ఒకే రంగు’ అన్న వాదన చూడండి. ఒక్క పుస్తకానికి నిజమే. కె పుస్తకాలకు నిజమనుకుని కె + 1 పుస్తకాలు వరుసగా పేర్చండి. చివరిది తీసేస్తే మిగతా కె ఒకే రంగు. మొదటిది తీసేస్తే మిగతా కె ఒకే రంగు. మధ్యలో ఉన్నవి రెండు గుంపుల్లోనూ ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకే రంగు. తప్పెక్కడుంది? కె = 1 పెట్టండి. రెండే పుస్తకాలు. చివరిది తీస్తే మొదటిదొక్కటే మిగిలింది, మొదటిది తీస్తే చివరిదొక్కటే మిగిలింది. ‘మధ్యలో ఉన్నవి’ అంటూ ఏమీ లేవు. మెట్టు 2 నుంచి 3కి, 3 నుంచి 4కి బాగానే పనిచేస్తుంది. 1 నుంచి 2కి మాత్రమే విరిగింది, దాంతో మొత్తం పోయింది. కాబట్టి మెట్టు రాశాక అతి చిన్న కె విలువ పెట్టి చేత్తో ఒకసారి నడిచి చూడండి.

మార్కులు పోయే ఇంకో చోటు, కె ఒక్కటే కాక దానికి ముందువన్నీ నిజమనుకుని సాగే బలమైన ఇండక్షన్‌లో బేస్ కేసుల సంఖ్య. ‘8 నుంచి మొదలుకుని ప్రతి సంఖ్యనూ 3లు, 5లు కలిపి చేయొచ్చు’ అని నిరూపించాలనుకోండి. ఆలోచన తేలికే: ఎన్ కావాలంటే ఎన్ − 3 చేసుకుని ఒక 3 కలపాలి. ఇందులో మూడడుగులు వెనక్కి దూకుతున్నాం. కాబట్టి మూడు బేస్ కేసులు కావాలి: 8 = 3 + 5, 9 = 3 + 3 + 3, 10 = 5 + 5. అప్పుడు 11కి 8, 12కి 9, 13కి 10 ఆధారమవుతాయి, ఆ తర్వాత గొలుసు తెగదు. 8 ఒక్కటే చూపించి మెట్టు మొదలుపెడితే 10కి 7 కావాల్సి వస్తుంది. 7ను 3లతో, 5లతో చేయలేం. ఎన్ని అడుగులు వెనక్కి దూకితే అన్ని బేస్ కేసులు.

కొన్ని విలువలకు సరిచూసి ‘కాబట్టి నిజం’ అని రాసేవాళ్ళు ఎన్² + ఎన్ + 41 అన్న సమాసాన్ని చూడాలి. 0 నుంచి 39 వరకు ఏ ఎన్ పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 పెడితే 1681 వస్తుంది, అది 41 × 41.

ప్రశ్న: 6గురు అబ్బాయిలు, 4గురు అమ్మాయిల్లోంచి 4గురితో కమిటీ వేయాలి. కనీసం ఇద్దరు అమ్మాయిలుండాలి. ముందు ఇద్దరు అమ్మాయిల్ని ఎంచాను, 6 విధాలు. మిగిలిన 8 మందిలోంచి ఎవరో ఇద్దర్ని ఎంచాను, 28 విధాలు. 6 × 28 = 168. జవాబు 115 అంటున్నారు. నా పద్ధతిలో తప్పు కనిపించడం లేదు.

జవాబు: మీ పద్ధతి ఏ కమిటీనీ వదిలిపెట్టలేదు. కొన్నిటిని మాత్రం ఒకటికి మించి లెక్కపెట్టింది. ఇలాంటి చోట సూత్రాలు తిరగెయ్యకుండా, తయారైన ఒక కమిటీని చేతిలోకి తీసుకుని, ‘నా పద్ధతిలో ఇది ఎన్ని దారుల్లో తయారవుతుంది?’ అని అడగండి. జవాబు ప్రతి కమిటీకీ 1 రావాలి.

అమ్మాయిల్ని అ, ఇ, ఉ, ఎ అనీ, అబ్బాయిల్ని 1 నుంచి 6 వరకు అంకెలతోనూ పిలుద్దాం. అ, ఇ, ఉ, 1 ఉన్న కమిటీని తీసుకోండి. మొదట అ, ఇ లను ఎంచి, తర్వాత ఉ, 1 లను ఎంచితే ఇది వస్తుంది. మొదట అ, ఉ, తర్వాత ఇ, 1 అన్నా ఇదే వస్తుంది. మొదట ఇ, ఉ, తర్వాత అ, 1 అన్నా ఇదే. ఒకే కమిటీ మూడుసార్లు లెక్కలో పడింది. నలుగురూ అమ్మాయిలే అయితే ఆరుసార్లు పడుతుంది. సరిగ్గా ఇద్దరు అమ్మాయిలున్న కమిటీ ఒక్కసారే పడుతుంది.

ఇప్పుడు విడివిడిగా లెక్కపెడదాం. సరిగ్గా ఇద్దరు అమ్మాయిలు: 6 × 15 = 90. ముగ్గురు: 4 × 6 = 24. నలుగురు: 1. మొత్తం 115. మీ 168 ఎలా వచ్చిందో కూడా తేలిపోతుంది: 90 × 1 + 24 × 3 + 1 × 6 = 168. తప్పు లెక్క కూడా ఇలా పైసాతో సహా లెక్క తేలాలి. అప్పుడే తప్పు నిజంగా అర్థమైనట్టు.

‘కనీసం’ అన్న మాట కనిపిస్తే రెండే దారులు నమ్మదగ్గవి. ఒకదానితో ఒకటి కలవని భాగాలుగా విడగొట్టడం, లేదా మొత్తంలోంచి అక్కర్లేనివి తీసెయ్యడం. మొత్తం కమిటీలు 210. అమ్మాయిలే లేనివి 15, ఒక్క అమ్మాయే ఉన్నవి 4 × 20 = 80. 210 − 95 = 115. రెండు దారుల్లోనూ ఒకే సంఖ్య వస్తే ధైర్యంగా ఉండొచ్చు.

ప్రశ్న: ఎక్కువసార్లు లెక్కపెట్టినా భాగిస్తే సరిపోతుంది కదా? పర్మ్యుటేషన్ (క్రమం లెక్కించేది) నుంచి కాంబినేషన్ (క్రమం లెక్కించనిది) అలాగే వస్తుందిగా. ఎప్పుడు భాగించాలో, ఎప్పుడు కూడదో?

జవాబు: ప్రతిదీ ఒకే సంఖ్యలో ఎక్కువగా పడితేనే భాగహారం కాపాడుతుంది. ‘గలగల’ అన్న మాటలోని నాలుగక్షరాలను ఎన్ని విధాలుగా పేర్చవచ్చు? నాలుగూ వేరనుకుంటే 24. రెండు ‘గ’లు తమలో తాము చోట్లు మార్చుకున్నా, రెండు ‘ల’లు మార్చుకున్నా మాట మారదు, కాబట్టి ప్రతి పేర్పూ సరిగ్గా 4 సార్లు పడింది. 24 ÷ 4 = 6. రాసి చూసుకోండి: గగలల, గలగల, గలలగ, లగగల, లగలగ, లలగగ.

పై కమిటీ లెక్కలో కొన్ని 1 సారి, కొన్ని 3 సార్లు, కొన్ని 6 సార్లు పడ్డాయి. ఏ సంఖ్యతో భాగిస్తారు?

ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. 5 రకాల్లోంచి 3 ఎంచాలి. క్రమం లెక్కలోకి వచ్చి, ఒకే రకం మళ్ళీ ఎంచవచ్చంటే 5 × 5 × 5 = 125. క్రమం ఉండి, మళ్ళీ ఎంచకూడదంటే 5 × 4 × 3 = 60. క్రమం లేకుండా, మళ్ళీ ఎంచకుండా అయితే 60 ÷ 6 = 10. ఇక క్రమం లేదు గానీ మళ్ళీ ఎంచవచ్చు అంటే చాలామంది 125ను 6తో భాగించబోతారు. అది నిశ్శేషంగా పోనే పోదు. మూడూ వేరు రకాలైన ఎంపిక 6 సార్లు, రెండు ఒకే రకమైనది 3 సార్లు, మూడూ ఒకటే అయినది 1 సారి పడింది మరి. ఇక్కడ గీతల పద్ధతి వాడాలి. ఎంచిన 3 వస్తువులకు 3 చుక్కలు, 5 రకాల మధ్య హద్దులుగా 4 గీతలు. మొత్తం 7 చోట్లలో చుక్కలకు 3 చోట్లు ఎంచడం 35 విధాలు. గీతలు రకాల సంఖ్య కంటే ఒకటి తక్కువ. 5 గీతలు వేస్తే లెక్క తప్పుతుంది.

ప్రశ్న: ఒక సంబంధం సౌష్ఠవమూ (ఎ కి బి తో ఉంటే బి కి ఎ తో), సంక్రమణమూ (ఎ కి బి తో, బి కి సి తో ఉంటే ఎ కి సి తో) అయితే పరావర్తనం కూడా అయి తీరాలి కదా? ఎ కి బి తో సంబంధం ఉంటే బి కి ఎ తో ఉంది, కాబట్టి ఎ కి ఎ తో ఉంది.

జవాబు: ‘ఎ కి బి తో సంబంధం ఉంటే’ అని మొదలుపెట్టారు. ఎవరితోనూ సంబంధం లేని ఎ సంగతి? 1, 2, 3 ఉన్న సమితి మీద (1,1), (1,2), (2,1), (2,2) జతలు మాత్రమే ఉన్న సంబంధం సౌష్ఠవం, సంక్రమణం కూడా. 3 ఒంటరి, (3,3) లేదు. పరావర్తనం అంటే ప్రతి మూలకానికీ తనతో తనకు సంబంధం ఏ షరతూ లేకుండా ఉండాలి.

పనిలో పనిగా, ప్రతిసౌష్ఠవం (ఎ కి బి తో, బి కి ఎ తో రెండూ ఉంటే ఎ, బి ఒకటే కావాలి) అంటే సౌష్ఠవం కాకపోవడం అని రాయకండి. ‘సమానం’ అన్న సంబంధం రెండూ అవుతుంది. (1,2), (2,1), (1,3) అన్న జతల సంబంధం రెండూ కాదు.

ప్రశ్న: రికరెన్స్ (ఒక పదాన్ని దాని ముందు పదాలతో చెప్పే సూత్రం) ఇస్తే సాధించగలుగుతున్నాను. కథలా ఇచ్చిన లెక్క నుంచి రికరెన్స్ నేనే రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జవాబు: చివరి ముక్క దగ్గర మొదలుపెట్టండి. మన ఛందస్సులోనే చక్కటి లెక్కుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఎన్ మాత్రలకు ఎన్ని పేర్పులు? చివరి అక్షరం లఘువైతే దాని ముందున్నవి ఎన్ − 1 మాత్రలు, గురువైతే ఎన్ − 2 మాత్రలు. రెండూ ఒకేసారి కాలేవు, మూడో దారి లేదు. కాబట్టి ఎన్ మాత్రల పేర్పులు = (ఎన్ − 1) మాత్రలవి + (ఎన్ − 2) మాత్రలవి. 1 మాత్రకు 1, 2 మాత్రలకు 2. అక్కణ్ణుంచి 3, 5, 8, 13. నాలుగు మాత్రల ఐదు పేర్పులూ రాయండి: గుగు, గులల, లగుల, లలగు, లలలల. 12వ శతాబ్దంలో జైన పండితుడు హేమచంద్రుడు ఈ లెక్కను స్పష్టంగా చెప్పాడు. ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి తన పుస్తకంలో ఇవే సంఖ్యలతో కుందేళ్ళ లెక్క వేసింది 1202లో.

మాత్రలకు బదులు అక్షరాల సంఖ్య ఇస్తే లెక్క మారిపోతుంది. ప్రతి చోటా లఘువో గురువో, రెండే అవకాశాలు, కాబట్టి మూడక్షరాలకు 2 × 2 × 2 = 8. య, మ, త, ర, జ, భ, న, స గణాలు ఎనిమిదే కావడానికి కారణమిదే. ఏది స్థిరంగా ఉంచి లెక్కపెడుతున్నామో ముందు రాసుకోవాలి.

తప్పు జరిగేది ఇలాంటి చోట: 0, 1 లతో ఎన్ పొడవు వరుసలు, ఎక్కడా రెండు 1లు పక్కపక్కన రాకూడదు. చివర 0 ఉంటే ముందున్నది ఎన్ − 1 పొడవున్న ఏ మంచి వరుసైనా కావచ్చు. చివర 1 ఉంటే కూడా అంతే అనేసి రెండింతలు అని రాస్తారు. చివర 1 ఉంటే దాని ముందు 0 ఉండి తీరాలి, స్వేచ్ఛగా మిగిలింది ఎన్ − 2 చోట్లే. మొదటి విలువలు 2, 3. పొడవు 3కి 5 రావాలి. సరిచూసుకోండి: మొత్తం 8లోంచి 011, 110, 111 పోతే 5.

ప్రశ్న: పావురాల గూళ్ళ సూత్రం ఒక్క వాక్యమే: గూళ్ళ కంటే పావురాలు ఎక్కువైతే ఏదో ఒక గూట్లో కనీసం రెండు పడతాయి. లెక్కలు మాత్రం చేతికి చిక్కడం లేదు.

జవాబు: సూత్రం తేలిక, గూళ్ళు కట్టడం కష్టం. ఏ రెండు వస్తువులు ఒకే గూట్లో పడితే మనకు కావలసింది జరుగుతుందో, ఆ లక్షణంతో గూళ్ళు కట్టాలి. 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లోంచి 51 తీసుకుంటే పక్కపక్క సంఖ్యలు రెండు తప్పకుండా ఉంటాయి. గూళ్ళు: (1, 2), (3, 4), … (99, 100). మొత్తం 50.

అదే 51 సంఖ్యల్లో ఒకటి ఇంకొకదాన్ని భాగించేలా రెండుంటాయని చూపాలంటే ఆ గూళ్ళు పనికిరావు. ప్రతి సంఖ్యలోంచీ 2లను పూర్తిగా తీసేసి మిగిలిన బేసి భాగాన్ని గూడుగా పెట్టుకోండి. 3, 6, 12, 24, 48, 96 ఒకే గూట్లో ఉంటాయి, వాటిలో ఏ రెండు తీసుకున్నా చిన్నది పెద్దదాన్ని భాగిస్తుంది. 100 లోపు బేసి సంఖ్యలు 50, కాబట్టి గూళ్ళు 50, పావురాలు 51. సంఖ్యను 50కి తగ్గిస్తే నిలవదు: 51 నుంచి 100 వరకు తీసుకుంటే ఏదీ దేన్నీ భాగించదు. ఇలా ఒకటి తగ్గించి చూడటం మంచి అలవాటు, సూత్రం ఎక్కడ పనిచేస్తోందో అక్కడే కనిపిస్తుంది.

ప్రశ్న: ఆయిలర్ పథం, హామిల్టన్ పథం తేడా ఎప్పుడూ తారుమారవుతుంది.

జవాబు: ఆయిలర్ వంతెనల లెక్క చేశాడని గుర్తుపెట్టుకోండి. గ్రాఫ్ అంటే కొన్ని బిందువులూ (వెర్టెక్స్‌లు), వాటిని కలిపే గీతలూ (ఎడ్జ్‌లు). వంతెన అంటే ఎడ్జ్, కాబట్టి ఆయన పథంలో ప్రతి ఎడ్జ్ సరిగ్గా ఒకసారి. హామిల్టన్‌ది ప్రతి వెర్టెక్స్ సరిగ్గా ఒకసారి. 1736 నాటి కోనిగ్స్‌బర్గ్ నగరం లెక్క, ప్రతి వంతెననూ సరిగ్గా ఒకసారి దాటుతూ నడవడం గురించి. అక్కడ నాలుగు భూభాగాలు, ఏడు వంతెనలు. ఒక వెర్టెక్స్‌కు తగిలే ఎడ్జ్‌ల సంఖ్య దాని డిగ్రీ. భూభాగాలే ఇక్కడ వెర్టెక్స్‌లు, డిగ్రీలు 5, 3, 3, 3. అన్ని డిగ్రీలు కలిపితే 14, ఎడ్జ్‌లకు రెట్టింపు. దారి మధ్యలో తగిలే వెర్టెక్స్‌లోకి వచ్చిన ప్రతిసారీ బయటికి పోవాలి కాబట్టి అక్కడ డిగ్రీ సరి కావాలి. మొదలుకూ చివరకూ మాత్రమే బేసి చెల్లుతుంది. అంటే బేసి డిగ్రీవి సున్నా గానీ రెండు గానీ ఉండాలి, అక్కడ నాలుగున్నాయి. అందుకే ఆ నడక కుదరదు. పైగా గ్రాఫ్ కనెక్టెడ్‌గా ఉందో లేదో చూడకుండా డిగ్రీలు మాత్రమే చూసి ‘పథం ఉంది’ అని రాయకండి. రెండు విడివిడి త్రిభుజాల్లో అన్ని డిగ్రీలూ 2, అయినా ఒకదాన్నుంచి ఇంకోదానికి దారే లేదు. హామిల్టన్ పథానికి ఇలా డిగ్రీలు చూసి అవునో కాదో తేల్చేసే తేలికైన పరీక్ష ఎవరికీ తెలియదు.